పంచాయతీ ప్రణాళికలో ‘సుస్థిరత’: మూడో ఏడాది కరెంటు బిల్లు ఎవరు కడతారు?

ప్రశ్న (కుదించి): అనంతపురం జిల్లా కల్యాణదుర్గం వైపు ఒక పంచాయతీలో కొత్తగా కార్యదర్శిగా చేరాను. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక(జీపీడీపీ)లో సుస్థిరాభివృద్ధి థీమ్ ఒకటి తీసుకుని ప్రణాళిక పెట్టమన్నారు. మండలంలో అడిగితే నిరుడు పంపినదే తేదీ మార్చి పంపమంటున్నారు. అసలు అధికారులు ఈ సుస్థిరతను ఎలా చూస్తారు? మాది 2,500 జనాభా. రెండు బోర్లు, 40 వేల లీటర్ల ట్యాంకు, చెత్తను ఎరువు చేయడానికి కట్టి, వాడకంలో లేని చెత్త షెడ్డు ఉన్నాయి. ఇక్కడ నేను నిజంగా ఏం చేయగలను?

జవాబు:

ముందు అధికారుల సంగతి. అది తెలియకుండా ఎంత మంచి ప్రణాళిక రాసినా బీరువాలోకే పోతుంది.

మండలంలో, జిల్లాలో సుస్థిరత అనే మాటకు ఒకే అర్థం లేదు. కుర్చీని బట్టి మారుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ఇంజినీరు ఏఈకి అది ‘సోర్సు’: మే నెలలో బోరు నిలబడుతుందా, ట్యాంకర్లు పెట్టాలా. మండల అభివృద్ధి అధికారి ఎంపీడీఓకి డ్యాష్‌బోర్డులో మండలం ఎర్రగా కనపడకపోవడం. జిల్లా పంచాయతీ అధికారి (డీపీఓ) ఆఫీసుకు ఇంటి పన్ను వసూలు, పారిశుద్ధ్యం. మండలంలో ఉపాధి హామీ పనులు చూసే ఏపీఓకి పనిదినాలు, మెటీరియల్ వాటా. సర్పంచికి తన ఐదేళ్లలో కంటికి కనపడే పని, అంటే చాలాసార్లు సీసీ రోడ్డు. వీళ్లకు తెలియక కాదు. పై అధికారి సమీక్షలో ఏది అడుగుతారో అదే కింద పని అవుతుంది. ఎన్ని కుంటలు తవ్వారని అడుగుతారు, నిరుడు తవ్వినవాటిలో ఎన్ని నిండాయని అడగరు. ఉపాధి పనికి మొదలుపెట్టక ముందు, జరుగుతుండగా, అయ్యాక అని మూడు దశల్లో జియోట్యాగ్ ఫొటోలు కావాలి. రెండేళ్ల తర్వాత ఫొటో మాత్రం ఏ యాప్‌లోనూ లేదు.

ఇంకో సంగతి. మన వైపు సస్టైనబిలిటీ అనగానే రామగిరి గాలిమరలో, ఎన్.పి.కుంట, ఓర్వకల్లు సోలార్ పార్కులో గుర్తొస్తాయి. అవి రాష్ట్రం, కేంద్రం, కంపెనీల వ్యవహారం. వాటితో మీ ప్రణాళికకు పని లేదు.

కాగితం మీద ఉన్నది ఇదీ: ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాలను, 2030 గడువుతో, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ పల్లెలకు తగ్గట్టు తొమ్మిది థీమ్‌లుగా కుదించింది. పేదరికం లేని ఊరు, ఆరోగ్యం, పిల్లలు, నీటి సమృద్ధి, పరిశుభ్రత–పచ్చదనం, మౌలిక సదుపాయాలు, సామాజిక భద్రత, సుపరిపాలన, మహిళలు. వీటి మీదే పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్ మార్కులు వేస్తున్నారు. 2022-23 లెక్కలతో వేసిన మొదటి విడతలో 90 దాటిన పై గ్రేడు దేశం మొత్తంలో ఒక్క పంచాయతీకీ రాలేదు. కాబట్టి మార్కుల గురించి దిగులు పెట్టుకోకండి. మీ ఊరికి నాలుగో థీమ్, నీళ్లు, తీసుకోండి. అనంతపురంలో మిగతా ఎనిమిదీ ఏదో ఒక దారిన దాని దగ్గరికే వస్తాయి.

ఇక నా మాట. ఏ పని ప్రతిపాదించినా ఎస్టిమేట్ కింద చేత్తో మూడు లైన్లు రాయండి: ఇది నడవడానికి నెలకు ఎంత కరెంటు, ఎంత బ్లీచింగ్ మందు, ఎవరి కూలి, ఆ డబ్బు ఏ ఖాతా నుంచి, చెడిపోతే బాగుచేసేది ఎవరు. ఈ మూడు లైన్లు నిండని పని మూడో ఏడాదికి శిథిలమే. మీ చెత్త షెడ్డు దానికి సాక్ష్యం. దాన్ని కట్టడానికి నిధులు ఉన్నాయి, అందులో నీళ్ల కనెక్షన్‌కు, పేడ తోలడానికి ఎవరూ పైసా రాయలేదు.

డబ్బు ఎక్కడిదో కూడా తెలియాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 నిధుల్లో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనులకే వాడాల్సినవి. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, వాడిన నీళ్ల పునర్వినియోగానికి. మిగతా 40 శాతం అన్‌టైడ్, దాంతో జీతాలు, ఆఫీసు నిర్వహణ ఖర్చు పెట్టకూడదు. ఆ కాలం 2025-26 వరకే కనుక ఆ తర్వాతి ఏడాదులకు కొత్త ఉత్తర్వు చూసుకుని శాతాలు వేయండి, పాత ఫార్మాట్ కాపీ చేయకండి. పూర్తిగా మీ చేతిలో ఉండేది జనరల్ ఫండ్ ఒక్కటే: ఇంటి పన్ను, కొళాయి ఫీజు, వేలం పాటలు, గదుల అద్దెలు. ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరులో మేడలైన మిద్దెలు ఇంకా మట్టి మిద్దెలుగానే ఉంటాయి. కొత్త కొలతలతో సరిచేస్తే వచ్చే పెరుగుదల చాలా ఊళ్లలో పంపు ఆపరేటర్ జీతానికి సరిపోవచ్చు. సుస్థిరత ప్రణాళికలో పన్నుల పేరా చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి.

మొదటి నెల కరెంటు మీద కూర్చోండి. ఖర్చు లేని పని, ఫలితం వెంటనే కనపడే పని ఇదొక్కటే. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ బిల్లుల్లోని సర్వీసు నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఎనర్జీ అసిస్టెంట్‌ను వెంటబెట్టుకుని ఒక్కో మీటరు దగ్గరికి నడవండి. మూడు రకాల లీకులు బయటపడతాయి. ఎండిపోయి వదిలేసిన బోరు సర్వీసుకు ఇంకా ఫిక్స్‌డ్ చార్జీలు పడుతుండటం ఒకటి: సర్వీసు రద్దుకు లెటరు పెట్టి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. మీటరు ఆగిపోయి సగటు బిల్లు వేస్తుండటం రెండోది. మూడోది వీధిలైట్లు. వీధిలైట్లకు విడిగా ఉండే మూడో వైరు, స్విచ్చు బాక్సు లేని వీధుల్లో లైట్లు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి. 20 వాట్ల ఎల్ఈడీలు 150 ఉన్నాయనుకోండి: మూడు కిలోవాట్లు, పగలు పన్నెండు గంటలకు 36 యూనిట్లు, నెలకు 1,080 యూనిట్లు ఎండలో కలిసిపోతున్నాయి. ఎల్ఈడీలు పెట్టాం కాబట్టి పొదుపు అయిపోయిందని రిపోర్టులో రాసుకుంటారు. ఎల్ఈడీతో వచ్చిన పొదుపు పగటి వెలుగులో పోతుంటే ఆ రిపోర్టుకు అర్థం లేదు. కరెంటు బకాయిల కింద ఆర్థిక సంఘం నిధులు సర్దుబాటు చేశారని గతంలో సర్పంచులు రోడ్డెక్కిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. బిల్లు మీ చేతిలో లేకపోతే ప్రణాళికా మీ చేతిలో ఉండదు.

ఇప్పుడు నీళ్లు. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి.

జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. మీ 2,500 మందికి 1,37,500 లీటర్లు. అంటే 40 వేల లీటర్ల ట్యాంకు రోజుకు మూడున్నర సార్లు నిండాలి. బోరు ఎంత పోస్తోందో కొలవడానికి 200 లీటర్ల డ్రమ్ము, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. డెలివరీ పైపు కింద డ్రమ్ము పెట్టి నిండేందుకు పట్టిన సెకన్లు రాయండి. 80 సెకన్లు పడితే సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు 9,000 లీటర్లు. ఒక బోరు మీదే నడిపితే పదిహేను గంటల పైచిలుకు, రెండు బోర్లయితే చెరో ఏడున్నర గంటలు. మార్చికి అదే డ్రమ్ము 120 సెకన్లకు నిండుతోందంటే మూడో వంతు పోయినట్టు. గంటకు 6,000 లీటర్లే వస్తాయి, అదే నీళ్లకు ఒక్క బోరు ఇరవై మూడు గంటలు తిరగాలి. ఐదు హెచ్‌పీ మోటారు గంటకు ఐదు యూనిట్లకు అటూ ఇటూగా తింటుంది. రోజుకు 75 యూనిట్ల బిల్లు 110 దాటుతుంది. భూగర్భ జలం తగ్గిన సంగతి మీకు అందరికంటే ముందు చెప్పేది కరెంటు బిల్లే. అందుకే ఈ రెండు అంకెలనూ ఒకే రిజిస్టరులో పక్కపక్క గళ్లలో రాయించండి: డ్రమ్ము సెకన్లు, ఆ నెల యూనిట్లు. ప్రతి నెలా ఒకే తేదీన, మోటారు రాత్రంతా ఆగి ఉన్నాక తెల్లవారుజామున, ఆన్ చేసిన పది నిమిషాలకు కొలవాలి. వేళ మారితే అంకెలకు పొంతన ఉండదు.

నీటిమట్టం కూడా కావాలంటే, తర్వాతిసారి మోటారు పైకి తీసినప్పుడు కాలమ్ పైపు పక్కన సన్న పీవీసీ పైపు ఒకటి దింపించండి. దాంట్లో నుంచి కొలత తీగ వేయొచ్చు. అది లేకుండా కేసింగులోకి తీగ వేస్తే కేబుల్‌కు చుట్టుకుని మోటారుతో పాటు మీ ఉద్యోగానికీ తిప్పలే.

మోటార్లు కాలేది ఎక్కువగా రెండు కారణాలకు. నీళ్లు దిగిపోయాక ఖాళీగా తిరగడం, ఒక ఫేజు పోయినా నడవడం. స్టార్టరు బాక్సులో డ్రై రన్ ప్రొటెక్షన్, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఉన్నాయో చూడండి. చాలా చోట్ల ఉంటాయి, కానీ ‘ఊరికే ట్రిప్ అవుతోంది’ అని వైరు పక్కనుంచి కలిపేసి ఉంటారు. ఊరికే ట్రిప్ కాదు. బోరులో నీళ్లు లేవని చెబుతోంది. ఒక రీవైండింగ్ ఖర్చుకు ఆ రెండు పరికరాలూ వస్తాయి.

ఈ తాగునీటి లెక్క ఊరి మొత్తం నీళ్లలో ఎంతో చూస్తే విషయం ఇంకో వైపు తిరుగుతుంది. మీ పంచాయతీ విస్తీర్ణం 1,000 హెక్టార్లు, అంటే 2,500 ఎకరాలకు కొంచెం తక్కువ అనుకుందాం. అనంతపురం సగటు వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతం. పడేది 55 లక్షల ఘనపు మీటర్లు. మనది గ్రానైటు రాయి, ఇలాంటి నేలల్లో భూమిలోకి ఇంకేది 8 నుంచి 11 శాతంగా భూగర్భ జల అంచనాల్లో తీసుకుంటారు. పది శాతం వేసుకుంటే ఐదున్నర లక్షలు. ఊరి తాగునీరు ఏడాదికి 50 వేల ఘనపు మీటర్లు, ఇంకినదాంట్లో పదో వంతు కూడా కాదు. ఎకరా వరికి దగ్గర దగ్గర 5,000 ఘనపు మీటర్లు కావాలి. 110 ఎకరాల బోరు వరి మొత్తం ఊరి రీచార్జిని తాగేస్తుంది. అదే నీటితో రబీ శనక్కాయ రెండున్నర రెట్లు వేయొచ్చు. కరువు ఏడాది వాన 350కి పడిపోతే ఇంకేది ఆ నిష్పత్తిలో కాదు, ఇంకా ఎక్కువ పడిపోతుంది. చిన్న చిన్న జల్లులు పై మట్టిలోనే ఆరిపోతాయి.

అంటే మీ తాగునీటి బోరు ఎండేది ఊరి జనం ఎక్కువ తాగినందువల్ల కాదు, పక్క చేలో పడిన కొత్త బోరు వల్ల. దీనికి చట్టం ఉంది. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ప్రజా తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బావి, బోరు వేయకూడదు. చాలా మంది కార్యదర్శులకు ఈ నిబంధన తెలుసు, వాడరు. ఎందుకంటే ఫిర్యాదు వచ్చేసరికి రిగ్గు లారీ వెళ్లిపోయి ఉంటుంది. ముందే చేయాల్సింది: మీ బోర్ల చుట్టూ 250 మీటర్ల వృత్తం సర్వేయర్‌తో గీయించి, అందులోకి వచ్చే సర్వే నంబర్లు రాసి, గ్రామ సభలో చదివి, తీర్మానంతో తహసీల్దారుకు పంపండి. ఒక కాపీ సచివాలయం గోడకు అంటించండి. రైతుకు డబ్బు పోకముందే తెలియడం రైతుకూ మంచిదే.

ఊరి నీటి లెక్క చూసుకుని పంట వేయడం ఇక్కడ కొత్త కాదు. 2000 తర్వాతి దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో అనంతపురం, కర్నూలు, కడప సహా ఏడు జిల్లాల్లో నడిచిన ప్రాజెక్టులో రైతులే బోర్ల మట్టం కొలిచి, రబీకి ముందు కూర్చుని లెక్క వేసేవారు. ‘వరి వేయొద్దు’ అని ఎవరూ ఆర్డరు వేయలేదు, అంకె చూపించారు. మీరూ అంతే చేయండి. అక్టోబరు గ్రామ సభలో వ్యవసాయ సహాయకుణ్ని పక్కన పెట్టుకుని, పడిన వాన, డ్రమ్ము సెకన్లు, ఊళ్లో నడుస్తున్న బోర్లు బోర్డు మీద రాస్తే చాలు. ఉపన్యాసం వద్దు.

పంట కుంటల విషయంలో టార్గెట్ ఎక్కడ తప్పుతుందో చూడండి. పది మీటర్ల చదరం, రెండు మీటర్ల లోతు, వాలు ఒకటికి ఒకటి వదిలితే కుంటలో పట్టేది 130 ఘనపు మీటర్లు. హెక్టారు ఎర్ర చేలో 50 మిల్లీమీటర్ల వాన పడి ఐదో వంతు పారితే వంద ఘనపు మీటర్లు వస్తాయి. అంటే ఒక్క గట్టి వానకు దాదాపు నిండాలి. నిండటం లేదంటే కుంట నీళ్లు పారే దారిలో లేదు. రైతు సాగుకు అడ్డం లేని గట్టు మూల చూపిస్తాడు, ఫీల్డ్ అసిస్టెంటు అక్కడే ముగ్గు వేస్తాడు, అది చేలో ఎత్తు మూల. మార్కింగు వాన రోజునో, కనీసం రైతుతో ‘నీళ్లు ఎటు పోతాయి’ అని నడిచి చూశాకో చేయించండి. నీళ్లు వచ్చే చోట పూడిక గుంట లేకపోతే రెండేళ్లలో కుంట మట్టితో నిండుతుంది. మన ఎర్ర నేలలో నిండిన కుంట కూడా నిలవదు, కారిపోతుంది. రీచార్జికి అది మంచిదే. కానీ రైతుకు ఒక తడి దక్కాలంటే ఆరు పాళ్ల జల్లించిన మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి ఐదారు సెంటీమీటర్ల మందాన పూత వేయించాలి. అనంతపురం ప్రాంతపు వ్యవసాయ పరిశోధనలు సూచించిన పద్ధతి ఇది. పూత వేశాక వారం తడపకపోతే బీటలే. ఏ కుంట ఇంకించడానికి, ఏది నిలవ చేయడానికి అన్నది ఎస్టిమేట్‌లోనే రాయండి. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే తర్వాత ‘కుంటలు విఫలం’ అని రాస్తారు.

ఎండిన బోర్ల పక్కన రీచార్జి గుంత మంచి పనే. తాగునీటి బోరుకు మాత్రం నేరుగా అలాంటి గుంత కలపకండి. వీధి నీళ్లు దిగితే జూలైలో ఊరంతా విరేచనాలు.

చెరువు ఉంటే ముందు చెరువు. పూడిక తీయడం అందరికీ కనపడే పని, కనుక దానికి నిధులు దొరుకుతాయి. అసలు చేయాల్సింది చెరువులోకి నీళ్లు తెచ్చే వంకలు, కాలువలు. వాటిలో ముళ్లకంప పెరిగి, ఎవరో గట్టు కలుపుకుని ఉంటారు. పూడిక తీసిన చెరువు ఖాళీగా ఉండి, మరవ (నిండిన నీళ్లు బయటికి పోయే చోటు) పారి పదేళ్లయిందంటే కారణం అదే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు చెబుతుంది. ఆ దోషాల్లో కట్ట నుంచి నీరు కారడం, చౌడు నేల, ఆయకట్టు ఎక్కువై నీళ్లు చాలకపోవడంతో పాటు, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం కూడా ఒకటి. ఇప్పటి చెరువుకు ఆ దోషం మరోలా అంటుకుంది: నీళ్లు ఒక శాఖవి, గట్టు ఒక శాఖది, ఆక్రమణ రెవెన్యూది, చేపల వేలం ఇంకొకరిది. అందుకే కాలువ సర్వేకు రెవెన్యూ, ఇరిగేషన్, పంచాయతీ ముగ్గురూ ఒకే రోజు నడిచి, అక్కడికక్కడే సంతకాలు పెట్టిన స్కెచ్ ఉంటే తప్ప పని మొదలుపెట్టకండి. విడివిడిగా రాసిన మూడు లెటర్లకు మూడు జవాబులు వస్తాయి, మూడూ ‘మాది కాదు’ అనే.

క్లోరినేషన్ రిజిస్టరు ఒకటి మీ ఆఫీసులో ఉంటుంది, అన్ని రోజులూ ఒకే పెన్నుతో నింపినది. దాన్ని నిజం చేయండి. లీటరుకు రెండు మిల్లీగ్రాముల డోసుకు 40 వేల లీటర్లకు 80 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్‌లో 25 శాతం క్లోరిన్ ఉంటే 320 గ్రాముల పొడి. కానీ సంచి మూతి తెరిచి షెడ్డులో పడేసిన పొడికి ఎండాకాలంలో ఆ బలం సగానికి దిగిపోతుంది, మీరు 320 వేసినా 160 వేసినట్టే. చిన్న ప్యాకింగు తెప్పించి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నీడన ఉంచండి. పొడిని నేరుగా ట్యాంకులో చల్లకూడదు. బకెట్‌లో జావలా కలిపి, తేట మాత్రం పోసి, అడుగున మిగిలిన సున్నం బయట పారబోయాలి. అరగంట ఆగి వదలాలి. ట్యాంకు రోజుకు మూడున్నర సార్లు నిండుతోంది కదా, ప్రతి నింపుకూ డోసు పడాలి. పొద్దున ఒక్కసారి వేసి సంతకం పెట్టేయడమే అందరూ చేసే తప్పు. నీళ్లలో మిగిలిన క్లోరిన్ చూపే క్లోరోస్కోప్‌తో ట్యాంకు పక్క కొళాయిలో కాదు, ఊరి చివరి కొళాయిలో చూడండి. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. చివరి వీధికి నీళ్లే రావడం లేదంటే మధ్యలో కొళాయిలకు మోటార్లు బిగించారని అర్థం. కొత్త బోరు అడిగే ముందు వాటిని తీయించండి. వీధులను రెండు భాగాలు చేసి గేటువాల్వులతో వేర్వేరు వేళల్లో వదిలితే సగం గొడవ తగ్గుతుంది.

చెత్త షెడ్డుకు వస్తే, వారం రోజులు చెత్తను తూకం వేయండి. మన పల్లెల్లో రిక్షాలో సగం బరువు ఇంటి ముందు ఊడ్చిన మట్టి, బూడిద. దాన్ని ఇంటి దగ్గరే చెట్టు మొదట్లో వేయిస్తే రిక్షా తిరిగే ట్రిప్పులు తగ్గుతాయి, ఎరువూ బాగుంటుంది. వర్మీ తొట్టి మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అరవై సెంటీమీటర్ల ఎత్తు ఉంటే మూడు కిలోల వానపాములు సరిపోతాయి. పచ్చి పేడ వేస్తే ఆ వేడికి చస్తాయి. పదిహేను, ఇరవై రోజులు మాగిన పేడే వేయాలి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు పడేంత తేమ ఉండాలి. 45 నుంచి 60 రోజుల్లో ఎరువు తయారు. ఏప్రిల్, మేలో రేకుల కప్పు కింద తొట్టి పొయ్యిలా కాగుతుంది. కప్పు మీద బోద గడ్డి పరిచి, తొట్లపై తడి గోనెలు కప్పి రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లే మనిషి లేకపోతే, ఆ రెండు నెలలు వర్మీ ఆపేసి పాములను చెట్టు నీడన చిన్న గుంతలో బతికించుకోవడం నయం. ఊరికి దూరంగా నీళ్ల కనెక్షన్ లేకుండా కట్టిన షెడ్లన్నీ మొదటి వేసవిలోనే మూతపడింది ఇందుకే. షెడ్డు వెనక రోజూ పొగ వస్తుంటే చెత్త సంపద అవుతున్నట్టు కాదు, ప్లాస్టిక్ తగలబెడుతున్నట్టు. అట్టలు, సీసాలు, ఇనుము, నీళ్ల బాటిళ్లు కొనేవాళ్లు ఉంటారు. చిప్స్ కవర్లు ఎవరూ కొనరు. యర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, బట్టీలో ఇలాంటివి కాల్చే పద్ధతి ఆ పరిశ్రమలో ఉంది. కానీ మీ రెండు బస్తాల కోసం లారీ రాదు. మండలం మొత్తం ఒక చోట పోగేయాలి, అది ఎంపీడీఓ చేయగల పని, మీరు కాదు.

ఇంకుడు గుంతల గురించి ఒక్క మాట: మీటరు చదరం, మీటరు లోతు గుంత మీ ఎర్ర నేలలో బాగా పనిచేస్తుంది. అదే డ్రాయింగు ఆదోని, నంద్యాల, జమ్మలమడుగు నల్లరేగడిలో వేస్తే నీళ్లు పైకే తేలతాయి. రాష్ట్రమంతటికీ ఒకే ఎస్టిమేట్ పంపడం వల్ల వచ్చిన తిప్పలు.

మొక్కలు జూన్ 5న ఫొటోకు నాటండి, అసలు నాటడం ఆగస్టు ఆఖరు నుంచి పెట్టుకోండి. అనంతపురంలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. జూలైలో వానలు లేక వచ్చే బెట్టకు జూన్ మొక్కలు మాడిపోతాయి. రెండడుగుల గుంత, గంపెడు మాగిన ఎరువు, కానుగ, వేప, చింత, నేరేడు. కంచెకు ముళ్లకంప ఊరికే దొరుకుతుంది. 5,000 లీటర్ల ట్యాంకరు మొక్కకు ఇరవై లీటర్ల చొప్పున 250 మొక్కలకు వస్తుంది. వేసవిలో ఎన్ని ట్యాంకర్లు తోలగలరో లెక్క చూసుకుని అన్ని మొక్కలే పెట్టండి, టార్గెట్ రెట్టింపు చెప్పినా సరే.

ఇవన్నీ పైకి ఎలా పంపాలి? ఎవరి భాషలో వాళ్లకు. ఏఈకి డ్రమ్ము సెకన్ల పట్టిక ఇవ్వండి, సోర్సు ఎప్పుడు దెబ్బతింటుందో ఆయనకు మీ కంటే బాగా అర్థమవుతుంది. ఎంపీడీఓకి ‘వేసవిలో ట్యాంకర్ల ఖర్చు ఇంత తప్పుతుంది’ అని ఒక్క లైను, పక్కన థీమ్ నంబరు. సర్పంచికి చివరి వీధికి నీళ్లు. పంచాయతీల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో పనులు ఎక్కించేటప్పుడు ఖర్చు లేని పనులు కూడా విడిగా ఎక్కించండి: బోరు వృత్తం, మీటర్ల తనిఖీ, పన్ను కొలతలు. ఎవరూ వద్దనరు, ఎందుకంటే డబ్బు అడగడం లేదు.

చివరగా, ఇవేవీ మొదలుపెట్టక ముందే రెండు బోర్ల నీళ్లూ ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబుకు పంపండి. మన జిల్లాలో ఫ్లోరైడ్ ఉంది. ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సర్దుకోవచ్చు. మరిగించినా, బ్లీచింగ్ వేసినా అది పోదు. మరిగిస్తే నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. పైపులైను నీళ్లు, సత్యసాయి తాగునీటి పథకానివైనా మరొకటైనా, కొంత వస్తుంటే రెండింటినీ సంపులో కొలత ప్రకారం కలపొచ్చు. బోరులో 2.4, పైపులైనులో 0.4 ఉంటే సగం సగం కలిపితే 1.4 వస్తుంది. పైపులైను ఆగిన రోజు బోరు నీళ్లే నింపేస్తారు, ఆ రోజుకు తాగొద్దని దండోరా వేయించే బాధ్యత ఎవరిదో రాసి పెట్టండి. కలిపిన నీళ్లను వానకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మళ్లీ పరీక్ష చేయించండి.